పెళ్లి ఎడిటింగ్‌కి ల్యాప్‌టాప్: ముందు మీ కెమెరా ఫైలేంటో చూసుకోండి

ఎడిటింగ్‌కి ల్యాప్‌టాప్ అనగానే చాలామంది "గ్రాఫిక్స్ కార్డు ఎన్ని జీబీ?" దగ్గర మొదలుపెడతారు. నేనైతే ముందు కెమెరా మెనూ తెరిచి, వీడియో ఏ ఫార్మాట్‌లో రికార్డవుతోందో చూడమంటాను. సోనీ ఏ7 ఫోర్‌లో ఎక్స్ఏవీసీ హెచ్ఎస్ 4కే, 50 ఫ్రేములు, 4:2:2 10-బిట్ (రంగు వివరం ఎక్కువగా దాచే సెట్టింగ్) పెట్టి తీస్తే వచ్చేది హెచ్.265 అనే పద్ధతిలో గట్టిగా కుదించిన ఫైలు. కలర్ గ్రేడింగ్‌కి (రంగులు దిద్దడానికి) అది ఎంత బాగుంటుందో, టైమ్‌లైన్ మీద నడపడం అంత కష్టం. ఆ ఫైలును విప్పడానికి చిప్‌లో ప్రత్యేకంగా ఒక డీకోడర్ ఉండాలి. లేదంటే భారమంతా సీపీయూ మీద పడి, ప్లే నొక్కగానే బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. లక్షన్నర పెట్టి కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లో కూడా ఇదే తంతు.

ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30, 40 సిరీస్ కార్డులు హెచ్.265లో 4:2:0 (రంగు వివరం తక్కువుండే రకం) విప్పుతాయి గానీ 4:2:2 విప్పవు. ఆ వసతి 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే మొదలైంది. ఇంటెల్‌లో 11వ తరం నుంచీ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో ఉన్న క్విక్ సింక్ అనే డీకోడర్ ఈ పని చేస్తోంది. యాపిల్‌లో ఎం1 నుంచీ ఉంది. ఏఎండీ రైజెన్ లోపలి గ్రాఫిక్స్ చెయ్యదు. అంటే రైజెన్‌తో పాటు ఆర్‌టీఎక్స్ 4060 ఉన్న మెషీన్ కంటే, ఇంటెల్ ఐ5తో పాటు ఆర్‌టీఎక్స్ 4050 ఉన్న చవకది ఈ ఫైళ్లను హాయిగా నడుపుతుంది. మీకు రైజెనే కావాలంటే పక్కన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డు ఉండేలా చూసుకుని, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చుకోండి. మీ కెమెరా 8-బిట్ 4:2:0 మాత్రమే ఇస్తుంటే ఈ గొడవేమీ లేదు, ఏదైనా పనికొస్తుంది.

ఇంటెల్ మెషీన్‌లో ఒక చిక్కుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ కంపెనీ యాప్‌లో గ్రాఫిక్స్ మోడ్‌ని "డిస్క్రీట్ ఓన్లీ" (విడి కార్డు మాత్రమే) మీద పెడితే లోపలి గ్రాఫిక్స్ ఆగిపోతుంది, దాంతో క్విక్ సింక్ కూడా పోతుంది. గేమ్స్ ఆడేవాళ్ల వీడియోలు చూసి చాలామంది అలా పెట్టేసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ నత్తనడక నడుస్తోందని తల పట్టుకుంటారు. మోడ్‌ని హైబ్రిడ్‌కి మార్చి, ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా కింద హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్‌లో ఇంటెల్‌కి టిక్ పెట్టి, ప్రోగ్రాం మూసి తెరవండి.

పరీక్షకి తలంబ్రాల క్లిప్పే వాడండి. వందల బియ్యపు గింజలు ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉంటాయి, వెనక లైట్లు, ఊగే పూలదండలు. డీకోడర్‌కి అంతకు మించిన పని మరొకటి దొరకదు. ఆ క్లిప్‌ని టైమ్‌లైన్ మీద వేసి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి, జీపీయూ కింద వీడియో డీకోడ్ గీత చూడండి. గీత పైకి లేచి సీపీయూ తక్కువలో ఉంటే డీకోడర్ పనిచేస్తున్నట్టు. సీపీయూ 90 దాటి, గీత సున్నా దగ్గరే పడుంటే చెయ్యట్లేదు. షాపులో ప్రీమియర్ ఉండదు కాబట్టి, కొన్న రోజే ట్రయల్ వెర్షన్ వేసి, వాపసు గడువు అయిపోకముందే చూసుకోవాలి.

గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదని అనట్లేదు. ఫోటోలు దిద్దే లైట్‌రూమ్‌లో ఏఐ డీనాయిజ్, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావించీ రిజాల్వ్‌లో నాయిజ్ రిడక్షన్ (బొమ్మలో గరుకు తీసేవి), కలర్ అన్నీ దాని మీదే నడుస్తాయి. 4కేలో నాయిజ్ రిడక్షన్ వేస్తే 6 జీబీ వీర్యామ్ (కార్డు సొంత మెమరీ) చాలక "జీపీయూ మెమరీ ఫుల్" అని రిజాల్వ్ ఆగిపోవడం మామూలే. 8 జీబీ కార్డు తీసుకోండి. పేరు ఒకటే అయినా కార్డుకి అందే కరెంటు మోడల్‌ని బట్టి మారుతుంది: ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ కార్డుని ఒక కంపెనీ 60 వాట్ల దగ్గర కట్టేస్తే, ఇంకో కంపెనీ 115 దాకా వదులుతుంది. స్పెసిఫికేషన్ షీట్‌లో టీజీపీ అని ఉండే అంకె అదే. అది రాయని మోడల్ జోలికి పోవద్దు.

ఈ వాట్ల సంగతి మన ఎండలతో కలిపి చూడాలి. చాలా కంపెనీలు ల్యాప్‌టాప్ వాడే చోట 35 డిగ్రీలు దాటకూడదని రాస్తాయి. రోహిణి కార్తెలో ఒంగోల్లోనో కనిగిరిలోనో మేడమీద స్లాబు కింద గది సాయంత్రానికి కూడా అంతకు దిగదు. మూడు గంటల పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే మొదటి పది నిమిషాలు జోరుగా పోయి, చిప్ వేడెక్కగానే వేగం తగ్గించుకుంటుంది. పల్చటి మోడల్స్‌లో ఇది మరీ ఎక్కువ. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అసలు ఫ్యానే ఉండదు. రీల్స్‌కి, ఫోటోలకి అది చక్కటి మెషీన్, పొడవాటి ఎక్స్‌పోర్ట్‌లు రోజూ ఉంటే మ్యాక్‌బుక్ ప్రోకే వెళ్లండి. విండోస్‌లో అయితే లావుగా, వెనక గాలి పోయే కంతలున్నదే నయం. కావలి, కొత్తపట్నం లాంటి సముద్రానికి దగ్గరి ఊళ్లలో తేమకి దుమ్ము తోడై ఫ్యాన్ రెక్కలకి అట్ట కడుతుంది. ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించాలి.

స్క్రీన్ విషయంలో రాజీ పడితే నష్టం ల్యాబ్ నుంచి ఆల్బమ్ వచ్చాక తెలుస్తుంది. చవక మోడళ్ల వివరాల్లో "45% ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటుంది. అంటే ఎస్‌ఆర్‌జీబీలో (ఫోటోలకి మామూలుగా వాడే రంగుల పరిధి) మూడింట రెండు వంతుల లోపే. అలాంటి తెర మీద పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర వెలిసినట్టు కనపడుతుంది. ఎడిటర్ శాచురేషన్ పెంచుతాడు. ప్రింట్‌లో ఎరుపంతా ఒకే ముద్దయి జరీ పక్కన నేత గీతలు మాయమవుతాయి, నలుగు ఫోటోల్లో ముఖాలు నారింజ రంగుకి తిరుగుతాయి. 100% ఎస్‌ఆర్‌జీబీ కనీసం ఉండాలి. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల ప్యానెళ్లు అమ్ముతారు, కాబట్టి డబ్బా మీద పూర్తి పార్ట్ నంబర్ చదివి కంపెనీ సైట్‌లో సరిచూసుకోండి.

ర్యామ్ 16 జీబీతో ఫోటోలు నడుస్తాయి, 4కే వీడియోకి 32 కావాలి. ఆల్బమ్ డిజైన్ కూడా తక్కువేం తినదు: 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో 10,800 × 3,600 పిక్సెళ్లు, 8-బిట్‌లో ఒక్క నిండు లేయరే దాదాపు 117 ఎంబీ. ర్యామ్ బోర్డుకి అతికించి ఉందా, స్లాట్లున్నాయా అడగండి. స్లాట్లుంటే రెండు స్టిక్కులు వెయ్యండి. ఒక్కటే ఉంటే లోపలి గ్రాఫిక్స్‌కి డేటా దారి సగమైపోతుంది.

పైన చెప్పిన 4కే 50 ఫ్రేముల ఫైలు 200 ఎంబీపీఎస్, గంటకి 90 జీబీ. రెండు కెమెరాలతో ఐదు గంటలు తీస్తే 900 జీబీ. లోపల 1 టీబీ ఎస్ఎస్‌డీ ఉన్నా, నడుస్తున్న పెళ్లిని 10 జీబీపీఎస్ యూఎస్‌బీ ఉన్న బయటి ఎస్ఎస్‌డీలో పెట్టుకోండి. అయిపోయిన పెళ్లిళ్లు హార్డ్‌డిస్క్‌కి పోతాయి. విడిగా అడాప్టర్ ఉండే పెద్ద హార్డ్‌డిస్క్ మీద ఎడిట్ చెయ్యొద్దు: కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నిలబడుతుంది, డిస్క్ మాత్రం రాస్తున్న ఫైలు మధ్యలోనే ఆగిపోతుంది. ఇన్వర్టర్ ఉన్నా, 230 వాట్ల అడాప్టర్‌కి దాని లోడ్ సరిపోతుందో లేదో లెక్క చూసుకోండి.

పాత ల్యాప్‌టాప్‌తోనే ఈ ముహూర్తాలు గడపాలనుకుంటే ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి మాత్రం వాడే తేలిక నకళ్లు) చేసుకోండి. ప్రీమియర్‌లో క్లిప్పులన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్‌లో ప్రాక్సీ, క్రియేట్ ప్రాక్సీస్, తక్కువ రిజల్యూషన్ ప్రోరెస్ ప్రాక్సీ ఎంచుకుని రాత్రికి వదిలెయ్యాలి. పొద్దున్నే ప్రోగ్రాం మానిటర్ కింద టాగుల్ ప్రాక్సీస్ బటన్ నొక్కి ఎడిట్ మొదలుపెట్టొచ్చు. ఎక్స్‌పోర్ట్ అసలు ఫైళ్ల నుంచే జరుగుతుంది.

నెల్లూరు నుంచి చెన్నై రిచీ వీధికి వెళ్లి కొంటే ధర తగ్గొచ్చు. బేరానికి ముందు, ఆన్‌సైట్ వారంటీ మీ పిన్‌కోడ్‌కి వర్తిస్తుందా అని కంపెనీ కాల్‌సెంటర్‌లో కనుక్కోండి. సీజన్లో మదర్‌బోర్డు పోతే ల్యాప్‌టాప్ మోసుకుని చెన్నైకో విజయవాడకో పోవాల్సి వస్తుంది. స్టూడియోకి జీఎస్టీ నంబరుంటే బిల్లు ఆ నంబరు మీదే వేయించుకోండి, అర్హత ఉంటే కట్టిన 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ కింద తీసుకోవచ్చు.