వైజాగ్ గాలికి సర్దుతున్న సామాను

ఆదివారం. రాత్రి పది దాటింది.

మా ఆయనకు వైజాగ్ బదిలీ ఖాయమైనప్పటి నుంచీ ఇంట్లో అందరిదీ లారీ గోలే. ఎంత అడుగుతారు, ఎంత బండి కావాలి, దించే హమాలీలను ఎవరు మాట్లాడాలి. నాకు మాత్రం దారి కంటే ఆ ఊరి గాలి మీదే ధ్యాస. ఎనిమిదొందల కిలోమీటర్ల పైమాటే అయినా లారీ ఎట్లో ఒకట్లా చేరుతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఈ సామానంతా ఉండాల్సింది సముద్రం పక్కన. మా అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అక్కడ దాదాపు దానికి రెట్టింపు. వాన లేని రోజు కూడా గాలిలో తడి ఉంటుంది. ఇక్కడ మే నెలలో దుప్పటి ఉతికి ఆరేస్తే, రెండో బకెట్ పిండేలోపల మొదటిది ఆరిపోయి ఉంటుంది. ఇంత పొడి గాలికి అలవాటు పడిన ఇనుము, పట్టు, కాగితం, పప్పూ ఉప్పూ అక్కడికి పోతే ఏమవుతాయో ముందే ఆలోచించుకోవాలి. ఆ పని చేయడానికి ఈ ఎండను మించిన అదను లేదు.

అందుకే పొద్దున్నే ఉగ్గాని తినేసి నేనూ అత్తమ్మా మేడెక్కినాం. పాత పంచెలు పరిచి ఒకవైపు ఎండుమిరపకాయలు, ఒకవైపు చింతపండు, మూలన మరిది పంపిన బుడ్డల (వేరుశనగ కాయల) మూట విప్పి పోసినాం. మిరపకాయలన్నీ ఇక్కడే కారం పట్టించుకుని పోదామన్నది అత్తమ్మ ఆలోచన. తెలిసిన మిల్లు, నమ్మకంగా పడతారు, నిజమే. కానీ ఆ ఊళ్లో కారప్పొడి నెల తిరక్కుండానే గడ్డ కడుతుందని అక్కడ ఉండొచ్చిన వాళ్లు చెప్పినారు. కాయైతే తొడిమ తీయకుండా ఉంచితే చాలాకాలం నిలుస్తుంది. కొద్ది రోజులకు సరిపడా కారం పట్టించి, మిగతాది కాయగానే తీసుకుపోదామన్నాను. అత్తమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే తొడిమ ఊడిన కాయలు ఒక పక్కకు ఏరడం మొదలుపెట్టింది, మిల్లుకు పంపే కుప్పలోకి.

బుడ్డల దగ్గర మాత్రం ఆమె చెప్పిందే చెల్లింది. ఒక కాయ తీసి నా చెవి దగ్గర ఆడించింది. "గింజ గలగలమనల్లమ్మా. అనకుంటే ఇంకా పచ్చి ఉన్నట్టే." పైన పోసిన కాయలు మోగినాయి. మూట అడుగున ఉన్నవి మోగలేదు. తడి ఆరని బుడ్డలకు పట్టే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. వేయించినా అది పూర్తిగా పోదు. వేరుశనగ పండించే జిల్లా వాళ్లం కాబట్టి ఈ మాట వ్యవసాయాధికారుల నోట చాలాసార్లు విన్నదే. అడుగు కాయలు వేరే పంచె మీద పలచగా నెరిపి, మోగినవాటిలోంచి మూడు నెలలకు సరిపడా మాత్రమే పక్కన పెట్టినాం. ఒలవకుండా, కాయగానే. మిగతావి ఇరుగుపొరుగుకు.

ఎండిన వెంటనే డబ్బాలో పోసి మూత పెట్టకూడదు. ఎండలోంచి తెచ్చినవి అంత వేడి మీద మూస్తే లోపలే చెమర్చి, చేసిన పనంతా వృథా. సాయంత్రం నీడలో ఆరబెట్టి, చేత్తో తాకితే చల్లగా ఉన్నప్పుడు స్టీలు డబ్బాలకెత్తినాం. చింతపండుకు ఇంకో ఎండ కావాలి. గింజ, ఈనెలు తీసినా మధ్యలో ఇంకా మెత్తగానే ఉంది.

మధ్యాహ్నం బీరువా పని. ఇది మా అమ్మ ఇచ్చిన బీరువా, ఇన్నేళ్లలో దీనికి తుప్పన్నదే తెలియదు. కానీ కింద కాళ్ల దగ్గర, తలుపు అంచున రంగు లేచిపోయి ఇనుము కనిపిస్తోంది. ఇక్కడి గాలికి అది ఎన్నాళ్లయినా అట్లే ఉంటుంది. ఉప్పుగాలికి తుప్పు మొదలయ్యేది సరిగ్గా అక్కడే, ఆ తర్వాత రంగు కింద నుంచి పాకుతుంది. ఆయనను కూర్చోబెట్టి ఉప్పుకాగితంతో రుద్దించినాను. ఒక్కో చోట గోరంత మచ్చ, రుద్దేకొద్దీ రూపాయి బిళ్లంత అయ్యి, కింద తెల్లటి ఇనుము మెరిసింది. పొడి గుడ్డతో తుడిచి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూసినాం. రేపు దాని మీద రంగు. కాళ్ల అడుగున కూడా పూయాలని బీరువాను గోడకు ఆనించి వాల్చినాం. కనపడని చోటే ముందు చెడుతుంది కదా.

ఆ పని మధ్యలోనే కూలర్ మాట వచ్చింది. "మొన్న మొన్న కొన్నాం కదా, అక్కడ మాత్రం ఎండాకాలం ఉండదా?" అని ఆయన. ఎండాకాలం ఉంటుంది, కూలర్ పనిచేయదు. కూలర్‌లో తడిసిన గడ్డి మీదుగా పొడి గాలి పోతే నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరవుతూ వేడిని లాక్కుంటాయి. గాలిలో ముందే తడి నిండి ఉంటే ఆ ఆవిరయ్యేదే తక్కువ. చల్లదనం రాదు సరికదా, గదిలో జిడ్డు పెరుగుతుంది. అనంతపురానికి అది దేవుడిచ్చిన వస్తువు, వైజాగ్‌కు బరువు. దాని మీద పెట్టే లారీ కిరాయి ఆ ఊళ్లో ఒక మంచి ఫ్యాన్‌కు పెట్టుకోవచ్చు. ఆయన ఒప్పుకున్నారు. కింది ఇంటి అక్క తీసుకుంటానంది. "మీరు పోయే రోజు వరకూ మీ ఇంట్లోనే ఉండనీమ్మా, ఈ ఎండలో పిల్లోడు ఎట్లా పండుకుంటాడు" అంది. ఇట్లాంటి మనిషి వైజాగ్‌లో మేం దిగబోయే అపార్ట్‌మెంట్‌లో ఎదురింట్లో దొరకాలని మనసారా కోరుకుంటున్నాను.

నీళ్ల డ్రమ్ములు మాత్రం వెంట తెస్తున్నాను. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే వీధిలో ఇన్నాళ్లు మమ్మల్ని కాపాడినవి అవే. కడిగి ఎండలో బోర్లించినాను. మూతకు రబ్బరు పట్టీ ఉంది కాబట్టి వాన జల్లు దూరదు. దుప్పట్లు, స్వెట్టర్లు, పిల్లోడి పుస్తకాలు వాటిలోనే.

పట్టుచీరలు ఎవరి చేతికీ ఇవ్వను. ధర్మవరం మాకు గంట ప్రయాణం, ఇంట్లో ప్రతి శుభకార్యానికీ అక్కడి మగ్గం చీరే. నా పెళ్లిచీర మంచం మీద పరిచి చూస్తే ఒక మడత గీత వెంబడి జరీ మెరుపు కాస్త తగ్గింది. జరీలోని వెండి, రాగి తేమకు నల్లబడతాయి, ఎప్పుడూ ఒకే మడత మీద ఉంటే అక్కడే చిట్లుతాయి కూడా. చీరలన్నీ నీడలో గాలికి ఆరేసి, మడతలు మార్చి, ఉతికిన మెత్తని నూలు గుడ్డల్లో చుట్టినాను. ప్లాస్టిక్ కవర్లలో పెట్టలేదు, కలరా ఉండలు జరీకి తగలనివ్వలేదు. ఇవి సూట్‌కేసులో మాతోపాటే రైల్లో వస్తాయి.

కాగితాల పని ఎక్కువ లేదు. రాష్ట్రం మారడం లేదు కాబట్టి మా ఏపీ 02 స్కూటర్‌కు ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) గొడవ లేదు, ఎక్కించే ముందు పెట్రోలు తీసేస్తే చాలు. గ్యాస్‌కు సిలిండరు, రెగ్యులేటరు అప్పజెప్పి, డిపాజిట్ వెనక్కి తీసుకుని టెర్మినేషన్ వోచర్ రాయించుకోవాలి. అది చూపిస్తే అక్కడి ఏజెన్సీ మళ్లీ డిపాజిట్ కట్టించుకుని కనెక్షన్ ఇస్తుంది. ఓటు చిరునామా మార్చుకోవడానికి ఫారం 8, అది చేరినాక. పిల్లోడి టీసీ చేతికొచ్చింది. వీటన్నిటికీ నకళ్లు తీసి జిప్ కవర్లలో పెట్టినాను. 2014 హుద్‌హుద్ తుపానులో ఆ ఊరు ఎట్లా అల్లాడిందో టీవీలో చూసినాం కదా, కాగితాలకు నీళ్లు తగలని ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

సాయంత్రం లారీ ఆఫీసు అతను వచ్చి సామాను చూసిపోయినాడు. వైజాగ్ వైపు నుంచి సరుకు తెచ్చి దించి, ఖాళీగా తిరిగిపోయే బండి దొరికితే కిరాయి తగ్గుతుందన్నాడు. తాడిపత్రి, బనగానపల్లె మీదుగా నల్లమల ఘాట్ దాటి గిద్దలూరు, వినుకొండ, గుంటూరు, అక్కడి నుంచి హైవే. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసే పత్రం) అక్కర్లేదు గానీ, ఏమేమి ఉన్నాయో జాబితా రాసి సంతకం పెట్టి డ్రైవర్‌కు ఇవ్వమన్నాడు. నేను అడిగింది ఒకటే, పట్ట గురించి. "రెండు పట్టలు కప్పుతాంలే అక్కా, గోదావరి దాటినాక వానొచ్చినా ఏం కాదు" అన్నాడు. ఆ రెండో పట్ట సంగతి రసీదు మీద రాయించుకున్నాను. ఫ్రిజ్ నిలబెట్టే కట్టాలని కూడా. ముందు రోజే ఆపి, మంచు కరిగించి, తలుపు తెరిచి ఆరబెడతాను. అక్కడ దించినాక కొన్ని గంటలు ఆగి, కంప్రెసర్‌లోకి నూనె దిగినాకే స్విచ్ వేయాలి.

అతను పోతూ పోతూ వరండాలో ఇసుర్రాయి చూసి, "ఇది కూడానా అక్కా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "రాయికి తడేం చేస్తాది నాయనా? అన్నిటికంటే నిబ్బరంగా ఉండేది అదే." నిజంగానే ఇవాళంతా నేను ఏ వస్తువును చూసినా అడిగిన ప్రశ్న ఒకటే, ఈ గాలికి అది నిలుస్తుందా అని. ఆ లెక్కన ఇసుర్రాయే ముందు ఎక్కాలి. కేబిన్ వైపు, అడుగున, గోనెసంచుల మధ్య కట్టమని చెప్పినాం. అత్తమ్మ ఇప్పటికీ కందిపప్పు దాంట్లోనే విసురుతుంది. ఆమెకు ఆ ఊళ్లో తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. తన చేతి పని ఒకటైనా తనతో రావాలి.

ఆషాఢం రాకముందే పాలు పొంగించాలని ఆమె పట్టు. జూన్ 12న బళ్లు తెరుస్తారు కాబట్టి మాకూ అదే మేలు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు అయినాయి, ఆమెకు కింది బెర్త్ దొరికింది. దేవుడి పటం, పసుపు కుంకుమ, ఉప్పు, పాలు పొంగించే గిన్నె ఆమె సంచిలోనే.

రాత్రి అన్నాలయినాక వైజాగ్ ఇంటి ఓనర్‌కు ఫోన్ చేసినాం. ఆయన అద్దె, అడ్వాన్స్ గురించి అడుగుతామనుకున్నట్టున్నారు. నేను అడిగింది, వానాకాలంలో ఏ గోడ చెమర్చుతుంది అని. కాస్త ఆలోచించి, వెనక పడగ్గదిలో బాత్రూమ్ వైపు గోడ, వంటింటి కిటికీ కింద అని నిజాయితీగా చెప్పినారు. మా ఆయన కాగితం మీద ఇంటి నక్షా గీసి ఆ రెండు చోట్లా అడ్డగీతలు కొట్టినారు. బీరువా ముందుగదిలో లోపలి గోడకు, జానెడు ఎడంగా, కాళ్ల కింద చెక్కముక్కలు వేసి. పప్పు డబ్బాలు కిటికీకి ఎదురుగా పై అరలో. చెక్కముక్కలు రేపు పాతూరు సామిల్లులో కోయించుకు రావాలి.