గ్లాసుకీ గిన్నెకీ ఒకటే సరుకు

కొబ్బరికాయ, పుల్ల మామిడికాయ, బెల్లం, పెరుగు, దబ్బాకు. గోదావరి డెల్టాలో వేసవి వంటింట్లో ఇవి లేని ఇల్లు అరుదు. వీటితో కూర చేసేటప్పుడు పులుపు సరిపోయిందా, ఉప్పు పడుతుందా అని రెండు మూడుసార్లు రుచి చూస్తాం. అదే షర్బత్తు దగ్గరికి వచ్చేసరికి పంచదార వేసి తిప్పేసి ఇచ్చేస్తాం. అక్కడే పానీయం చప్పబడిపోతుంది. గ్లాసుని కూడా పులుసు చూసినట్టే చూడాలి. తేడా అల్లా ఒకటే: చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది, పైగా ఐసు కరిగి నీళ్ళవుతుంది. కాబట్టి ఐసు వెయ్యకముందు రుచి చూస్తే తీపి ఒక పిసరు ఎక్కువే అనిపించాలి. అప్పుడే తాగేటప్పటికి సరిపోతుంది.

ఫ్రిజ్‌లో రెండు సీసాలు ఉంటే సగం పని అయిపోయినట్టే. ఒకటి బెల్లం పాకం, రెండోది మామిడికాయ గుజ్జు. కొబ్బరి పాలు మాత్రం ఏ రోజువి ఆ రోజు తీసుకోవలసిందే.

బెల్లం పాకం సంగతి ముందు. పావుకిలో బెల్లం తరిగి, అర గ్లాసు (సుమారు 125 మి.లీ.) నీళ్ళు పోసి సన్న సెగ మీద కరిగించాలి. కరిగాక పల్చటి గుడ్డలో వడకట్టాలి, జల్లెడ సరిపోదు. బెల్లంలో ఇసుకా చెరుకు పిప్పీ ఉండడం ఒక కారణం. ఇంకో కారణం సోడాలో కలిపేటప్పుడు తెలుస్తుంది, అక్కడ చెప్తాను. వడకట్టినదాన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టి అయిదు నిమిషాలు మరగనిచ్చి దించేయాలి. తీగ పాకం రానివ్వకూడదు, వస్తే ఫ్రిజ్‌లో గడ్డకట్టి చెంచాకి రాదు. తడి లేని గాజు సీసాలో రెండు వారాలు నిక్షేపంగా ఉంటుంది. పెద్ద గ్లాసుకి రెండు టేబుల్ స్పూన్లు లెక్క.

బెల్లం కొనేటప్పుడు పసుపుపచ్చగా మెరిసేదానికి ఎగబడకండి. రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం వేసే అలవాటు ఉంది. కాస్త నల్లగా ఉన్నదే రుచి. ఇంకోటి, చౌడు నేలలో పండిన చెరుకు బెల్లం ఉప్పగా ఉంటుంది. పానకంలోనో నిమ్మరసంలోనో ఉప్పు వేసే ముందు బెల్లం ముక్క నోట్లో వేసుకు చూడండి. అది ఉప్పగా ఉంటే మళ్ళీ ఉప్పు అక్కర్లేదు.

పాలకీ బెల్లానికీ పడదని పరమాన్నం వండే ఎవరినడిగినా చెప్తారు. బెల్లంలో ఉన్న కాస్త పులుపుకి మరిగే పాలు విరుగుతాయి. అన్నం పాలలో మెత్తగా ఉడికాక దించి, వేలు పెట్టగలిగేంత చల్లారాకే పాకం కలపాలి, ఆ తర్వాత మళ్ళీ పొయ్యెక్కించకూడదు. చల్లటి పాలలో పాకం, యాలకుల పొడి కలిపి తాగేటప్పుడు ఈ బెడద ఉండదు, పాలు కాచి పూర్తిగా చల్లార్చినవైతే చాలు.

శ్రీరామనవమి పానకానికి కొలత: లీటరు నీళ్ళకి 200 గ్రాముల బెల్లం, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు ఒక చెంచా, శొంఠి అర చెంచా, నాలుగు యాలకులు. పచ్చకర్పూరం ఆవగింజంత, అంతకు మించితే మందులా ఉంటుంది. మిరియాలు మెత్తగా పొడి చేస్తే గొంతులో పట్టుకుంటాయి, అందుకే పలుకుగా ఉండాలి. ఎలాగూ అడుగుకి చేరతాయి గనక ప్రతి గ్లాసుకీ గరిటెతో కలిపి పోయాలి.

మిగిలిన పానకం పారబోసే పని లేదు, బెల్లం పులుసు పెట్టేయొచ్చు. నాలుగు గ్లాసుల పానకానికి పెద్ద నిమ్మకాయంత చింతపండు రసం, గుమ్మడికాయ ముక్కలు, ములక్కాడలు, ఉల్లిపాయలు, రెండు పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు. ముక్కల్ని ముందు మామూలు నీళ్ళలో ఉడికించాకే పానకం పోయాలి. చింతపండూ బెల్లమూ ముందే పడితే ముక్క బిర్రబిగుసుకుపోయి ఎంతకీ ఉడకదు. చివర్లో బియ్యప్పిండి ఒక చెంచా నీళ్ళలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. మిరియాలూ శొంఠీ అందులోనే ఉన్నాయి, విడిగా మసాలా ఏదీ వద్దు. పచ్చకర్పూరం వేసిన పానకమైతే మాత్రం పులుసుకి పనికిరాదు, ఆ వాసన పోదు.

ఇక మామిడికాయ. బాగా పుల్లగా, టెంక కట్టిన కాయలు అరకిలో తీసుకుని తొక్కతోనే కుక్కర్‌లో రెండు కూతలు రానివ్వాలి. చల్లారాక తొక్క ఒలిచి గుజ్జు పిండుకోవాలి. సొన ఉన్న తొడిమ దగ్గర భాగం ఉడకబెట్టక ముందే కోసేయాలి, లేకపోతే గుజ్జంతా సొన వాసన కొడుతుంది. గుజ్జుకి అర చెంచా ఉప్పు కలిపి సీసాలో పెడితే వారం దాకా వస్తుంది. బెల్లం ఇప్పుడే కలిపేయకండి, కలిపితే కూరలోకి పనికిరాకుండా పోతుంది.

షర్బత్తుకి: గ్లాసుకి రెండు టేబుల్ స్పూన్ల గుజ్జు, రెండు టేబుల్ స్పూన్ల పాకం, వేయించిన జీలకర్ర పొడి పావు చెంచా, నల్ల ఉప్పు చిటికెడు. ముందు ఈ నాలుగూ కొద్ది నీళ్ళతో గ్లాసు అడుగున బాగా కలిపి, అప్పుడు చల్లటి నీళ్ళు పోయాలి. ఒకేసారి నీళ్ళు నింపి కలిపితే గుజ్జు ఉండలుగా తేలుతుంది. కాయ ఎంత పులుపో ముందు తెలియదు కాబట్టి పాకం కొలత కాయని బట్టి అటూ ఇటూ అవుతుంది.

అదే గుజ్జుతో పులిహోర చేస్తే తురుముతో చేసినదాని కంటే రెండో పూటకి రుచిగా ఉంటుంది. రెండు గ్లాసుల బియ్యం పొడిపొడిగా వండి, పళ్ళెంలో ఆరబెట్టి, పసుపూ చెంచా నూనే కలిపి ఉంచాలి. ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, పల్లీలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టి, అందులో ముప్పావు గ్లాసు గుజ్జు వేసి నూనె పైకి తేలేదాకా మగ్గనివ్వాలి. ఈ మగ్గించడం మానేసి పచ్చి గుజ్జు అన్నంలో కలిపితే మెతుకు తడిసి ముద్దయిపోతుంది. పల్లీల బదులు కోనసీమలోని మోరి ఊరి జీడిపప్పు దొరికితే వేరే చెప్పాలా!

చేపల పులుసులోనూ సగం చింతపండు తీసేసి గుజ్జు వేయొచ్చు. కిలో కొరమీనుకో శీలావతికో మామూలుగా పట్టే చింతపండులో సగం, దానికి తోడు మూడు టేబుల్ స్పూన్ల గుజ్జు. చింతపండు రసం మొదటే మరగాలి, గుజ్జు మాత్రం దించడానికి అయిదు నిమిషాల ముందు. ముందే వేస్తే అడుగంటుతుంది. గరిటె పెట్టి కలపడం ఎలాగూ కుదరదు, ముక్క చితికిపోతుంది. గిన్నె రెండు చెవులూ పట్టుకుని గుండ్రంగా తిప్పడమే.

కొబ్బరి దగ్గర కాస్త నిలబడాలి. కాయ వయసుని బట్టి పని మారుతుంది. ఆరేడు నెలల బొండంలో నీళ్ళు తియ్యగా ఉంటాయి, లోపల కొబ్బరి చెంచాతో గీకితే వచ్చేంత లేతగా ఉంటుంది. పన్నెండు నెలల ముదురు కాయ పాలకి, పచ్చడికి. నీళ్ళు ఇంకిపోయిన కురిడీ పొడికి. పాలు తీయడానికి బొండమూ, తాగడానికి ముదురు కాయ నీళ్ళూ వాడితే రెండూ చప్పగానే ఉంటాయి.

బొండం నీళ్ళని తీపి చెయ్యాలని చూడకండి. గ్లాసు నీళ్ళకి చెంచాడు నిమ్మరసం, రెండు పలుకుల ఉప్పు చాలు. నిమ్మ ఎక్కువైతే కొబ్బరి రుచి చచ్చిపోతుంది. మామూలు ఐసు వేస్తే పల్చబడుతుంది కనక, ఒక బొండం నీళ్ళు ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించి ఆ ముక్కలే వేసుకోవాలి. కొట్టిన బొండం నీళ్ళు అలా బయట ఉంచితే కొన్ని గంటల్లోనే రుచి మారుతుంది. కాచి నిల్వ చేద్దామనుకుంటే ఆ లేత వాసన పూర్తిగా పోతుంది.

లేత కొబ్బరిని అదే బొండం నీళ్ళతో, ఒక చెంచా పాకం, ఒక యాలక్కాయతో మిక్సీలో తిప్పితే మీగడలాంటి పానీయం వస్తుంది. అందులో తాటి ముంజలు చిన్న ముక్కలు కోసి వేయాలి, ముంజల్ని మాత్రం మిక్సీలో వేయకూడదు, నీళ్ళయిపోతాయి. ముంజ పైనున్న పొర పూర్తిగా ఒలవాలి. ఒలవకపోతే ఆ వగరు గ్లాసంతా పాకుతుంది. ముదిరి గట్టిపడిన ముంజలు దీనికి పనికిరావు. నోట్లో పలుకులు పలుకులుగా తగిలితే కొబ్బరి ముదిరిందని అర్థం. అప్పుడు వడకట్టి తాగడం తప్ప చేసేదేమీ లేదు.

పాలకి ఒక పెద్ద కాయ తురిమి, ముప్పావు గ్లాసు గోరువెచ్చని నీళ్ళతో తిప్పి గుడ్డలో పిండితే మొదటి పాలు. పిప్పిలో ఇంకో గ్లాసున్నర నీళ్ళు పోసి మళ్ళీ పిండితే రెండో పాలు. ఈ రెండింటినీ కలిపేస్తే సగం లాభం పోయినట్టే. రెండో పాలు ఉడకడానికి, మొదటి పాలు దించే ముందు వేయడానికి.

రొయ్యల కూరలో ఇది బాగా తెలుస్తుంది. అరకిలో రొయ్యలు నల్ల నరం తీసి కడిగి, పసుపూ ఉప్పూ పట్టించి పది నిమిషాలు ఉంచాలి. ఆ తర్వాత వట్టి బాండీలో పెద్ద సెగ మీద వేస్తే నీరు వదులుతాయి. ఆ నీరు ఇంకగానే తీసి పక్కన పెట్టాలి. ఈ మెట్టు వదిలేస్తే ఆ నీరంతా కూరలోకి దిగి కొబ్బరి పాలు పల్చబడతాయి, నీచు వాసన కూడా మిగులుతుంది. నూనెలో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద వేగాక, కారం, ధనియాల పొడి, రెండు చెంచాల మామిడి గుజ్జు వేసి నూనె తేలనివ్వాలి. పులుపు ఇక్కడే పడాలి. తర్వాత రెండో పాలు పోసి ఉడకనిచ్చి, రొయ్యలు వేసి మూడు నాలుగు నిమిషాలు. అవి గుండ్రంగా ముడుచుకుంటే చాలు, ఇంకా ఉడికిస్తే రబ్బరు. చివరికి సెగ బాగా తగ్గించి మొదటి పాలు పోసి, అంచుల్లో చిన్న బుడగ కనబడగానే దించేయాలి. తెర్లనిస్తే పాలు విరిగి పైన నూనె, కింద నీళ్ళు, మధ్యలో తెల్లటి పలుకులుగా విడిపోతాయి. పులుపు చివర్లో పిండినా అదే గతి. విరిగినా తినడానికేం ఇబ్బంది లేదు, కాకపోతే చూడ్డానికి బాగోదు.

పాలు పిండిన పిప్పిని వేయించి పొడి కొట్టుకునేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. అందులో నూనె బాగా తగ్గిపోతుంది, వట్టి పిప్పి పొడి రంపపు పొట్టులా ఉంటుంది. సగానికి సగం కురిడీ కలిపితేనే అన్నంలోకి బాగుంటుంది.

మజ్జిగకి పెద్ద వివరం అక్కర్లేదు. గ్లాసు పెరుగుకి నాలుగు గ్లాసుల నీళ్ళు, కవ్వంతో చిలకడం, ఉప్పు, దంచిన అల్లం, ఒక పచ్చిమిర్చి. దబ్బాకులు మూడు చేత్తో చింపి వేసి ఇరవై నిమిషాల్లో తీసేయాలి. దంచినా, గంటల తరబడి ఉంచినా చేదు దిగుతుంది. సాయంత్రానికి పులిసిన మజ్జిగని మజ్జిగ పులుసు పెట్టేటప్పుడు గ్లాసుకి చెంచాడు శనగపిండి ముందే ఉండలు లేకుండా కలిపి పొయ్యి మీద పెడితే విరగదు. ఆకు ముక్క ఒక్కటి కూడా అందులో ఉండకూడదు.

సోడా కలిపేటప్పుడు వరస ముఖ్యం. ఆర్టోస్ కూల్‌డ్రింకు పుట్టిన రామచంద్రపురం ఉన్న ప్రాంతంలో సోడా గురించి చెప్పడమేమిటంటారేమో గానీ, ఇంట్లో కలిపితే సగం పొంగి బల్ల మీదకే పోతుంది. ఉప్పు పలుకులూ బెల్లంలోని నలుసులూ సోడాలో పడగానే గ్యాసంతా వాటి చుట్టూ చేరి ఒక్కసారిగా పైకి తన్నుకొస్తుంది. పాకాన్ని గుడ్డలో వడకట్టమన్నది ఇందుకే. ఉప్పుని ముందు నిమ్మరసంలో పూర్తిగా కరిగించి, పాకం కలిపి, ఐసు వేసి, బాగా చల్లబడిన సోడాని గ్లాసు వంచి అంచు మీదుగా పోయాలి. పాకం బరువుగా అడుగునే ఉంటుంది, చెంచా అడుగు దాకా పోనిచ్చి ఒక్కసారి పైకి లేపితే చాలు. గిరగిరా తిప్పితే సోడా కాదు, నిమ్మ నీళ్ళు తాగుతారు.

పంపర పనస వేసవి సరుకు కాదు, వినాయక చవితి నాటికి బజార్లో కనబడుతుంది. అయినా దీన్ని వదలబుద్ధి కాదు. తెల్ల గుజ్జుదైనా ఎర్ర గుజ్జుదైనా చేదంతా తొనల మీది పొరలోనూ గింజలోనూ ఉంటుంది. ఆ పొర ఒక్కో తొనకీ ఒలిచి, లోపలి ముత్యాల్ని చేత్తో విడదీయాలి. మిక్సీలో వేస్తే ఆ రసం తాగలేం. జల్లెడలో వేసి గరిటెతో నొక్కి రసం తీసి, చిటికెడు ఉప్పు వేస్తే ఉన్న కాస్త చేదూ అణుగుతుంది. సగం రసం, సగం సోడా, ఒక చెంచా పాకం. తీసిన అరగంటలో తాగేయాలి, నిల్వ ఉంటే చేదు పెరుగుతుంది. కొలెస్ట్రాల్‌కీ బీపీకీ వాడే కొన్ని మాత్రలతో ఈ పండు పడదు. మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరుని అడిగాకే తినాలి.

అదే ముత్యాలతో ఆవ పెట్టి పెరుగు పచ్చడి చేయొచ్చు. చెంచా ఆవాలు చల్లటి నీళ్ళలో నానబెట్టి, రెండు పచ్చిమిర్చి, రెండు టేబుల్ స్పూన్ల కొబ్బరి, ఉప్పుతో నూరి పది నిమిషాలు పక్కన ఉంచాలి, ఘాటు అప్పుడే పూర్తిగా లేస్తుంది. వేడి నీళ్ళు పోసినా, మిక్సీ వేడెక్కేదాకా తిప్పినా ఘాటు పోయి చేదు మిగులుతుంది. గ్లాసు గట్టి పెరుగులో ఈ ముద్ద కలిపి, ముప్పావు గ్లాసు ముత్యాలు వేసి, చల్లారిన పోపు పైన వేయాలి. పోపు వేడిగా ఉంటే ఆవ ఘాటు అక్కడితో సరి. ముత్యాలు వడ్డించే ముందే కలపండి, ఉప్పు తగిలితే రసం వదిలి పెరుగు నీళ్ళవుతుంది.