నిమ్మచెక్క

పదకొండున్నర అయింది. హాల్లో బల్ల ఒకచోట, దాని రాయి ఒకచోట. రాయిని గోడకి ఆనించి కింద పాత బొంత వేసి, మా ఆయన దానిమీద ‘జాగ్రత్త’ అని కాగితం కూడా అంటించారు. ఎవరికోసమో తెలీదు, ఇంట్లో ఉన్నదే ముగ్గురం.

అన్నయ్య పోరు పడలేక ఇవాళ పాత సామాన్లకి వెలకట్టే ఆయన్ని పిలిచాం. పెద్దాయన, మర్యాదస్తుడే. టార్చి పట్టుకుని బల్ల కిందకి దూరి పావుగంట బయటికి రాలేదు. దూదికి స్పిరిట్ అద్ది కాలి లోపలివైపు రుద్దితే గోధుమరంగు దిగింది, ‘లక్క పాలిష్, పాతదే’ అన్నారు. స్క్రూలన్నీ ఒంటిగాటువే, ఒక్కటి మాత్రం ప్లస్ గాటుది, అది తర్వాతెప్పుడో మార్చినదట. ద్రాక్షతీగ నగిషీని వేలితో తడిమి, ఆకుకీ ఆకుకీ తేడా ఉంది కాబట్టి ఉలిపనే అన్నారు. మూడో కాలికి చెక్కిన సింహానికి వేలొకటి లేదని కూడా రాసుకున్నారు. అంతవరకూ నాకు భలే ఉంది, పిల్లకి మార్కులు చదువుతుంటే వినే తల్లిలా నిలబడ్డాను.

అప్పుడడిగారు, ‘నిమ్మకాయ ఉందామ్మా?’ అని.

షర్బత్ కోసమేమో అనుకుని, ఫ్రిజ్‌లోంచి తీసి, సగానికి కోసి, ప్లేట్లో పెట్టి మరీ ఇచ్చాను. ఆయన రాయి అంచు మీద రెండు చుక్కలు పిండారు. సన్నగా పొంగింది. ‘చూశారా, చలువరాయే’ అన్నారు. తుడిస్తే అక్కడ కందిగింజంత చోట మెరుపు పోయింది. ఇందాకట్నుంచీ అదే గుచ్చుతోంది, ఆ నిమ్మకాయ కోసిచ్చింది నేనే.

ఎందుకంటే ఆ రాయి మీద నిమ్మకాయ మచ్చ ఒకటి ఎప్పట్నుంచో ఉంది, అదీ నా పనే. కాకినాడ ఇంట్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఎండాకాలం సెలవుల్లో షర్బత్ కలుపుతూ, సగం పిండిన చెక్కని బల్ల మీద బోర్లించి ఐస్ బండి గంట వినపడగానే పరిగెత్తాను. మర్నాటికి అక్కడ తెల్లగా గుండ్రంగా మచ్చ. నానమ్మ నన్నేమీ అనలేదు. ఇత్తడి బిందె మీద ఏ మరకైనా చింతపండుకి లొంగుతుందని ఆవిడ నమ్మకం, దాంతో చింతపండు తెచ్చి కొంగు బిగించి రుద్దింది. రుద్దేకొద్దీ మచ్చ పెరిగింది. ఆవిడకి పట్టుదల వచ్చింది. సాయంత్రానికి నిమ్మచెక్కంత ఉన్నది అప్పడమంత అయింది. తాతయ్య వచ్చి చూసి, ‘అమావాస్యనాడు ఇంట్లో చందమామ ఎక్కడిదే?’ అన్నారు. అప్పట్నుంచి దాని పేరు చందమామే. కాఫీ గ్లాసులు దానిమీదే పెట్టేవాళ్లం.

వెలకట్టే ఆయన ఆ చందమామకి మూడువేలు తగ్గించారు. ‘ఇది మరక కాదమ్మా, పులుపు రాయిని తినేసింది’ అని నాకే చెప్పారు! మరి ఇందాక మీరు తినిపించిందేమిటండీ అని నోటిదాకా వచ్చింది, అనలేదు. రాత్రి కూర్చుని చదివితే ఇంకా మండింది. బేతంచెర్ల రాయీ, కడప నల్లబండా సున్నపురాళ్లే, నిమ్మరసానికి అవీ పొంగుతాయి. పొంగనిది గ్రానైట్. పాలలా ఉన్న రాయిని చూసి గ్రానైట్ అని ఎవరనుకుంటారని ఈ పరీక్ష?

సరే, ఆయన్ని తిట్టుకుంటూ ఇంత రాశాను గానీ, నాకసలు కష్టం వేసింది దీనికి కాదేమో. మా ముత్తాత రంగూన్ నుంచి ఓడలో తెచ్చిన బల్ల అని చిన్నప్పట్నుంచీ విన్నాం కదా. వెలకట్టే ఆయన నవ్వి, ‘బర్మా టేకు దుంగలు ఓడల్లో ఇక్కడికే దిగేవమ్మా, చెక్కింది మన వడ్రంగులే అయ్యుంటారు. ఈ రాయి కూడా దీనిది కాదు’ అన్నారు. రాయి లేపితే తెలిసింది, చుట్టూ చెక్క చట్రానికీ రాయికీ మధ్య అరంగుళం ఖాళీ, కదలకుండా నాలుగుచోట్ల సైకిల్ ట్యూబు ముక్కలు కుక్కి ఉన్నాయి. రాయి అడుగున ఉలిగాట్లు, మందం ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. రాయీ పాతదే, బల్లా పాతదే, జత మాత్రం తర్వాత కుదిర్చింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా విగ్రహం ముందు నిలబడి, మనింట్లోదీ ఈ ఇటలీ రాయే అని చిన్నదానికి కోసిన కోతలు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఆలోచిస్తే, 1942లో జపాన్‌వాళ్లు రంగూన్ పట్టుకున్నప్పుడు ఎందరో కట్టుబట్టలతో అడవులు దాటి నడిచొచ్చారు, మావాళ్లేమో అంతకుముందే రాతిబల్ల వేసుకుని ఓడెక్కేశారా? ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మొత్తానికి పద్దెనిమిది వేలు అన్నారు. అన్నయ్యకి ఫోన్ చేస్తే, అమ్మొద్దు, డాలస్ పంపమన్నాడు. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువైతే దేశం దాటించడానికి వీల్లేదు, కాదని పురావస్తు శాఖవాళ్ల సర్టిఫికెట్ కావాలి. అంటే వాడికి చేరాలంటే మన బల్లకి అంత వయసు లేదని మనమే నిరూపించాలి. ‘అయితే వయసు తక్కువని చెప్పించు’ అన్నాడు. పదేళ్ల క్రితం రంగూన్ కథ పెళ్లివారందరికీ చెప్పింది వీడే.

ఆ ట్యూబు ముక్కలు ఎండి పెళుసెక్కి, తీస్తుంటేనే విరిగిపోయాయి. ఎవరు కోసి పెట్టారో గానీ నాలుగూ కత్తెరతో ఒక్క కొలతకి కోశారు. రేపు వీధి చివర పంక్చర్ షాపులో పాత ట్యూబు అడగాలి. రాయి ఎత్తడానికి నలుగురు కావాలి, వాచ్‌మన్‌కి చెప్పాను.