నాయిన నవ్విన రాత్రి

నిన్న రాత్రి నల్గొండలో మా ఇంట్లో నాయిన పక్కన కూర్చుని 2007లో వచ్చిన మిస్టర్ బీన్ సినిమా చూశాను. నాయినకు ఇప్పుడు సరిగ్గా వినపడదు. సౌండ్ ఎంత పెంచినా డైలాగులు అందవు, అందుకే ఈ మధ్య టీవీ ముందుకే రావడం లేదు. తెర మీద ఆ మొహం కనబడగానే, "అరే, మన ఎర్ర టై ఆయన గదరా!" అన్నాడు.

పారిస్ హోటల్ సీన్‌లో బీన్ రొయ్యను పెంకుతో సహా కరకర నమిలాడు. మింగుడు పడటం లేదు, మొహంలో మర్యాద మాత్రం పోవడం లేదు. ఆల్చిప్పల్లోది తినలేక పక్కావిడ బ్యాగులో ఒంపేశాడు. నాయిన తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఊగిపోతున్నాయి, కళ్లలో నీళ్లు. 1990 నాటి టీవీ ఎపిసోడ్‌లో ఇదే పని పచ్చి మాంసంతో చేశాడు, అప్పుడూ నాయిన ఇలాగే నవ్వాడు.

అరగంట ఎపిసోడ్‌కు సరిపోయే మనిషిని గంటన్నర నిలబెట్టడం మామూలు విషయం కాదు. 1997 నాటి మొదటి సినిమాలో బీన్‌తో ఉపన్యాసమే ఇప్పించారు. నాకది అంతగా ఎక్కలేదు. పదేళ్ల తర్వాత, బీన్ వేషం వేసే రోవన్ అట్కిన్సన్ మాటలు తగ్గించి మళ్లీ తన మొహాన్నే నమ్ముకున్నాడు. అందుకే మా నాయినకు ఒక్క సీన్ కూడా నేను విడమరిచి చెప్పాల్సి రాలేదు. అట్కిన్సన్‌కు నేను ఎంత రుణపడ్డానో!

సినిమా అయ్యేసరికి పన్నెండు దాటింది. "ఇంకోటున్నదా బిడ్డా?" అన్నాడు నాయిన. పాత ఎపిసోడ్ పెట్టాను.