పటంలో గడ్డి, అడుగున బురద

పడవ ఆగిన చోట సముద్రపు గడ్డి దట్టంగా ఉండాలని నా పటం చెబుతుండగా, ఈ ఉదయం తమిళనాడు, శ్రీలంకల మధ్య ఉన్న పాక్ అఖాతంలో కెమెరా దింపి చూస్తే అడుగున నల్లటి బురద తప్ప ఒక్క ఆకు కూడా కనిపించలేదు.

నా పటానికి ఆధారమైన సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో గడి 10 మీటర్లు. ఎరుపు కాంతిని నీరు కొద్ది మీటర్లలోనే పీల్చేసుకోవడంతో, మిగిలిన నీలి, ఆకుపచ్చ కాంతుల్లో బురదా గడ్డీ దాదాపు ఒకేలా నల్లగా కనిపిస్తాయి. లోతు, నీటి తేటదనం, అలల తాకిడి అన్నీ కలిపి లెక్కించినా తెలిసేది గడ్డి పెరగడానికి అనువైన చోటే గాని, పెరిగిన చోటు కాదు.

పడవ నడిపే అన్న నీటి రంగు చూసి మమ్మల్ని కాస్త దక్షిణానికి తీసుకెళ్లారు. అక్కడ గడ్డి ఉంది, అందులో డుగాంగ్ (సముద్రపు గడ్డి తిని బతికే పెద్ద క్షీరదం) మేసిన చాళ్లూ ఉన్నాయి. 2022లో తమిళనాడు ఈ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లను డుగాంగ్‌ల సంరక్షణకే కేటాయించింది.

ఆ చాళ్లను ఈ రాత్రే పటంలోకి ఎక్కిస్తున్నాను.