బొంత కుట్టడం మొదలెట్టాక నా మిగతా సరదాలు ఏమయ్యాయి

రైల్వే అకౌంట్స్‌లో రిటైరయ్యేనాటికి నాకు కాలక్షేపాలకు కొదవ లేదు. స్టాంపుల ఆల్బమ్‌లు, ఒక పాత హార్మోనియం, డాబా మీద గులాబీ కుండీలు, సాయంత్రమైతే పాత కొలీగులతో క్యారమ్స్. విజయవాడ సత్యనారాయణపురంలో మా డాబా మీది గది వీటన్నిటికీ సరిపోయేది. తర్వాత బొంతలు వచ్చిపడ్డాయి. "టైమ్ చాలక మానేశానండీ" అని అందరూ అంటుంటారు గానీ, రిటైరైనవాడికి టైమ్ చాలకపోవడమేమిటి? నా సరదాలు మూలనపడింది టైమ్ లేక కాదు. ఒక్కోదానికి ఒక్కో కారణం. అవి తెలిశాకే కొన్నిటిని మళ్లీ లేపగలిగాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మా చెల్లెలిది గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. బీరువా కింది అరల్లోని నూలు చీరలన్నీ బురదనీళ్లలో నానిపోయాయి. నీళ్లు తీశాక వెళితే అన్నీ గుట్టగా పోసి కూర్చుంది. "పారేద్దాం అన్నయ్యా, ఆ వాసనకి కడుపులో తిప్పుతోంది" అంది. అందులో మా అమ్మ కట్టిన మంగళగిరి చీరలున్నాయి, నిజాం అంచువి. మూటగట్టి మా ఇంటికి తెచ్చేశాను.

వేడినీళ్లలో సర్ఫ్ వేసి, మళ్లీ మళ్లీ ఉతికి డాబా మీద ఎండేస్తే తేలిందేమిటంటే, మరకలు మడతల మీదే ఉన్నాయి, మధ్యలో గుడ్డ శుభ్రంగా ఉంది. చీర ఐదున్నర మీటర్లు. మరక పట్టినమేరా తీసేసినా మిగిలేది తక్కువేం కాదు. పైగా గుంటమగ్గం మీద నేసిన నూలు, ఏళ్ల తరబడి ఉతుకులు తిని మెత్తబడింది. మా అమ్మ పాత చీరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టేది. మిషను తొక్కడం నాకూ చిన్నప్పుడే వచ్చు. ఇంకేం కావాలి?

అమ్మ పద్ధతిలో కుట్టి ఉంటే వారంలో అయిపోయేదేమో. నేను అకౌంట్స్ మనిషిని, లెక్క ప్రకారం కుట్టాలనుకున్నాను. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. ఆరంగుళాల గళ్లు వేస్తే అడ్డంగా పది, నిలువుగా పద్నాలుగు, మొత్తం 140. ఒక్కో గడిలో తొమ్మిది చదరపు ముక్కలు. అంటే 1,260 ముక్కలు కత్తిరించాలి. కుట్టాక రెండంగుళాలు నిలవాలంటే ఒక్కో ముక్క రెండున్నర అంగుళాలుండాలి, చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోతుంది. ఈ పావు దగ్గరే ఉంది అసలు సంగతి. అడ్డవరసలో ముప్పై ముక్కలు, ఇరవై తొమ్మిది కుట్లు. ప్రతి కుట్టులోనూ వెంట్రుకవాసి, అంటే అంగుళంలో పదహారో వంతు, రెండు వైపులా ఎక్కువ పోయిందనుకోండి. వరస చివరికొచ్చేసరికి మూడున్నర అంగుళాలు మాయం! కిందివరస సరిగ్గా వస్తే రెండూ కలవవు. రైల్వే బ్యాలెన్స్ షీట్‌లో కూడా ఇంత భయం ఉండేది కాదు.

బొంత పని మీద మోజున్నవాళ్లకి రెండు మాటలు. నూలు గుడ్డని పొడుగ్గా కత్తిరించబోకండి, చిన్న గాటు పెట్టి చింపండి. దారం వెంబడి తిన్నగా చిరుగుతుంది, ఏ స్కేలూ అంత తిన్నగా గీయలేదు. కొత్త గుడ్డ కలపాలంటే ముందు తడిపి ఆరబెట్టి తీరాలి. పాత చీర కుంచించుకోవాల్సినంతా ఎప్పుడో కుంచించుకుంది, కొత్తది మొదటి ఉతుక్కే కుంచించుకుని చుట్టుపక్కల ముక్కల్ని లాగి ముడతలు పెడుతుంది. నేను అడుగుపొరకి వస్త్రలత బట్టల మార్కెట్లో కోరా గుడ్డ కొన్నప్పుడు రాత్రంతా బకెట్లో నానబెట్టి మరీ వాడాను.

ఇక సరదాలు ఎలా పోయాయో చెబుతాను. మొదట గులాబీలు. బెజవాడ ఎండాకాలంలో ఫ్యాన్ లేకుండా కూర్చోలేం. ఫ్యాన్ వేస్తే ముక్కలు గదంతా ఎగురుతాయి! కాబట్టి తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే, ఫ్యాన్ ఆపి కత్తిరింపు పని చేసుకునేవాణ్ణి. కుండీలకి నీళ్లు పోయాల్సింది కూడా సరిగ్గా అప్పుడే. స్టాంపులకి కావాల్సింది నున్నటి, శుభ్రమైన బల్ల. ఉన్న ఒక్క బల్లా మిషనుకీ ఇస్త్రీపెట్టెకీ పోయింది. హార్మోనియం సంగతి వేరు. గుడ్డ చింపినప్పుడల్లా సన్నటి నూగు లేస్తుంది. బెల్లోస్ దాన్ని లోపలికి లాక్కుంటే రీడ్‌లో ఇరుక్కుని ఒక స్వరం మూగబోతుంది. ఆ భయంతో దుప్పటి కప్పాను. దుప్పటి కప్పిన పెట్టె మీద గుడ్డలు పేర్చడం ఎంతసేపు? "ఏమండీ, సరస్వతి మీద పేలికలు పెడతారా?" అని మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

సాయంత్రాలు పోవడానికి కారణం రంగులు. ట్యూబ్‌లైట్ కింద ముదురు ఆకుపచ్చ, నీలం ఒకేలా కనిపిస్తాయి. ఏ ముక్క పక్కన ఏది ఒప్పుతుందో నీరెండలో పరిచి చూస్తేనే తెలుస్తుంది. క్యారమ్స్ వేళా అదే. "ఏమయ్యా, బొంతలు కుట్టుకుంటున్నావట?" అని ఫోన్లు వచ్చాయి, తర్వాత అవీ ఆగాయి. మిగతావి పోయినందుకు లేని బాధ దీనికి కలిగింది. కుండీ ఎండితే ఇంకోటి కొంటాం. మనుషులు అలా దొరకరు.

మార్పు స్టాంపుల వైపు నుంచే వచ్చింది, విచిత్రంగా. ఆల్బమ్‌లు సర్దుతుంటే 2006లో అమెరికా పోస్టల్ వాళ్లు వేసిన పది స్టాంపులు బయటపడ్డాయి. అన్నీ బొంతలే! అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లెలో, బానిసలుగా బతికినవాళ్ల సంతతి నల్లజాతి ఆడవాళ్లు కుట్టినవి. పొలం పనికి వేసుకున్న పాత ప్యాంట్లూ చొక్కాలూ కోసి కుట్టుకున్న బొంతల్ని 2002లో హ్యూస్టన్ మ్యూజియం గోడలకి వేలాడదీశారు. ఎప్పుడో మార్పిడిలో వచ్చిన ఆ స్టాంపుల్ని ఏళ్ల తరబడి చూసీ చూడనట్టు పక్కన పెట్టాను. ఇప్పుడు భూతద్దం పెట్టి చూస్తే, ఒక్క బొంతలోనూ గీతలు తిన్నగా లేవు. ఒక పట్టీ వంకర, ఒకటి పొట్టి. అయినా కళ్లు తిప్పుకోలేం. నా పావు అంగుళం గోల అక్కడ ఎవరికీ పట్టలేదు.

ఆ ఊపులోనే మన పక్క రాష్ట్రం సంగతి తెలిసింది. ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే సిద్దీలు, వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు, కవండి అనే బొంత కుడతారు. గళ్లు ముందు కుట్టి తర్వాత జోడించడం ఉండదు. అడుగున చీర పరిచి, ఒక మూల నుంచి అంచుల వెంబడి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. ముక్క అంచు లోపలికి మడిచి, అన్ని పొరల్నీ కలిపి చేత్తో కుట్టేయడమే. ముక్కని అతికే కుట్టూ, పొరల్ని పట్టి ఉంచే కుట్టూ ఒకటే. నాలుగు మూలలా త్రికోణంగా మడిచిన చిన్న ముక్కలు పెడతారు, ఫులా అంటారు. అది లేని బొంత వాళ్ల లెక్కలో పూర్తయినట్టు కాదు.

చెల్లెలి బొంత గళ్లలెక్కలోనే పూర్తిచేసి ఇచ్చాను, మధ్యలో వదలడం నాకు చేతకాదు. రెండోది మాత్రం కవండి పద్ధతిలో ఎత్తుకున్నాను. మిషను లేదు, ఇస్త్రీ లేదు, బల్ల అక్కర్లేదు. చేతిసంచీలో పడుతుందని పసిపిల్లల కొలత పెట్టుకున్నాను. బల్ల ఖాళీ అయ్యాక మిగతావాటి సంగతి తేల్చడం సులువైంది. బతికి ఉన్న గులాబీ కుండీలు కింది వాటాలో అద్దెకున్నవాళ్లకి ఇచ్చేశాను, వాళ్ల దగ్గర అవి పూస్తున్నాయి. నిజం చెప్పాలంటే గులాబీలు నా సరదా కాదు, మా క్వార్టర్స్‌లో అందరూ పెంచేవారని నేనూ పెంచాను. స్టాంపుల ఆల్బమ్‌లు చెల్లెలి మనవడికి వెళ్లాయి, ఆ పది తప్ప. హార్మోనియాన్ని నూగు తగలని కింది గదిలోకి దింపించాను. పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని అయ్యాక ఓ అరగంట వాయిస్తున్నాను. మా ఆవిడ మాటలు మళ్లీ మామూలయ్యాయి.

క్యారమ్స్‌కి బొంతతోనే వెళ్తున్నాను. బోర్డుకి నలుగురే కదా, నా వంతు వచ్చేదాకా కుట్టుకుంటాను. చెమట చేతిలో సూది జారకుండా వేళ్లకి క్యారమ్ పౌడర్ రాసుకోవడం అక్కడే కనిపెట్టాను. మొదట్లో ఎగతాళి చేశారు. పోయిన వారం వాళ్లలో ఒకాయన తన పాత ప్యాంట్లన్నీ సంచీలో వేసుకొచ్చి, "గురువుగారూ, నాకూ ఒకటి కుట్టిపెట్టాలి" అన్నారు. అవన్నీ పాలియెస్టర్ కలిసిన టెరికాటన్. నాలుగు పొరలు మడిస్తే సూది దిగదు, దిగినా విరుగుతుంది. జీస్ బెండ్‌లో కుట్టారన్నారుగా అని ఆయన వాదన, స్టాంపులు చూపించి నేను చేసుకున్న పని అది. ఇంట్లో నూలు లుంగీలు ఏమైనా ఉంటే తెమ్మన్నాను.