పదమూడో సవరణ దగ్గరే ఆగిపోయిన నా ఆన్సర్

సివిల్స్‌లో హిస్టరీ ఆప్షనల్ వాళ్ల కోసం రాస్తున్నా. వరల్డ్ హిస్టరీలో అమెరికా సివిల్ వార్, బానిసత్వ రద్దు టాపిక్ నాకు కంఠతా వచ్చు. 1863లో లింకన్ విముక్తి ప్రకటన, 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన పదమూడో రాజ్యాంగ సవరణ, అక్కడితో ముగింపు. టెస్ట్ సిరీస్‌లో అలాగే రాశా. పేపర్ దిద్దిన సార్ పక్కన ఎర్ర పెన్నుతో ఒకే ముక్క రాశారు: "మరి మర్నాడు ఏం తిన్నారు?" 20కి 7.

ముందు ఒళ్లు మండింది. తర్వాత కూర్చుని చదివా. దాదాపు 40 లక్షల మందికి స్వేచ్ఛ వచ్చింది గానీ సెంటు భూమి లేదు, చేతిలో డబ్బు లేదు. యుద్ధంతో దక్షిణాది పొలాలు పాడుపడి ఉన్నాయి. విముక్తులైనవాళ్లను ఆదుకోడానికి 1865 మార్చిలో ప్రభుత్వం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో మొక్కజొన్న పిండి, పంది మాంసం లాంటివి పంచింది. మొత్తం 2 కోట్లకు పైగా రేషన్లు, అందులో పేద తెల్లవాళ్లకూ వాటా ఉంది. ఊరికే పెడితే సోమరులవుతారని పైవాళ్ల భయం (ఈ మాట మనకూ కొత్త కాదు). 1866లో రేషన్ బాగా కోసేశారు. సరిగ్గా 1866, 67లోనే పంటలు పోయాయి!

నన్ను పట్టేసింది మాత్రం సౌత్ కరోలినా తీరంలోని ఎడిస్టో దీవి. 1865 జనవరిలో ఉత్తరాది సైన్యం జనరల్ షెర్మన్ ఉత్తర్వుతో తీరప్రాంతంలో విముక్తులైన ఒక్కో కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇచ్చారు. అదే ఏడు అధ్యక్షుడు జాన్సన్ ఆ భూముల్ని పాత యజమానులకు తిరిగిచ్చేయమన్నాడు. ఆ కబురు చెప్పడానికి అక్టోబరులో బ్యూరో అధిపతి హోవార్డ్ స్వయంగా దీవికి వెళ్లాడు. చర్చి నిండా జనం, గోల. ఎవరూ మాట సాగనివ్వలేదు. చివరికి ఒక ఆడమనిషి దుఃఖంతో పాట ఎత్తుకుంటే అందరూ గొంతు కలిపారు.

భూమి లేకపోయాక మిగిలింది కోరుపాలే. అర్ధం పంట భూస్వామికి. పంట చేతికొచ్చేదాకా తిండి కొట్లో అప్పు మీద. అప్పిచ్చినవాడు పత్తే వెయ్యమంటాడు, మొక్కజొన్న వద్దంటాడు. అంటే పొలం మధ్యలో ఉండి పిండి కొనుక్కోవాలి. పుస్తకంలో దీన్ని క్రాప్ లియన్ (రాబోయే పంట తాకట్టు మీద అప్పు) అన్నారు. మిర్చి వేసే మా నాన్నకి ఎరువుల కొట్లో ఉన్న ఖాతా గుర్తొచ్చి, రెండోసారి చదవక్కర్లేకపోయింది.

ఇప్పుడు ఈ టాపిక్‌కి నా నోట్స్ ఒక్క పేజీ. టైమ్ చాలకపోతే లింకన్ పేరాని రెండు లైన్లకు కుదిస్తా. రేషన్ కోత, కొట్టు అప్పు మాత్రం వదలను.